‘హమ్మునివారిణి’ అను వ్యాఖ్యతో కూడిన ఆంప్లిఫయరు పద్యం

ఇంట్లో ఆంప్లిఫయరు కట్టుకునేవాళ్లకు శాస్త్రాలు రెండు. ఒకటి ఐసీ కంపెనీవాళ్లిచ్చే డేటాషీటు. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. బోర్డు కాలిపోయాక చదవడం ఆచారం. రెండోది రిపేరు బల్ల దగ్గర నోటిమాటగా నడిచే విద్య. కోఠీ గుజరాతీ గల్లీలో ఐసీ, హీట్‌సింకు, ట్రాన్స్‌ఫార్మరు కొని సంచీలో వేసుకుంటున్న కుర్రాడికి ఈ విద్య కౌంటరు అవతలి నుంచి ఒక్క వాక్యంలో అందుతుంది. మిగతాది వాడి ఖర్మ.

ఆ వాక్యాలను ఆటవెలదిగా కుదించి, దానికి ‘హమ్మునివారిణి’ అనే వ్యాఖ్యను జతపరచడమైనది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలచల మల్లినాథసూరి మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాతకు ఆ ప్రతిజ్ఞ కుదరదు. మెకానిక్కు మాటలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

మూలం:

హమ్ము వచ్చెనేని యంటించు మెర్తింగు
నొక్కచోట గాని యొండు చోట
కాదు, గరగరన్నఁ గరిగించు టంకమ్ము
పొగలు వచ్చెనేని ప్లగ్గు పీకు

ప్రతిపదార్థం: హమ్ము వచ్చెనేని = పాట ఆపినా ఆగని ‘మ్‌మ్‌మ్’ శబ్దము వచ్చినట్లయితే; ఎర్తింగున్ = సున్నా వోల్టు తీగలన్నింటిని; ఒక్కచోటన్ = ఒకే బిందువున; అంటించుము = అతుకుము; ఒండు చోట కాదు = చేతికందిన చోటల్లా కాదు; గరగరన్నన్ = గరగరమని మోగినచో; టంకమ్మున్ = సోల్డరింగును; కరిగించు = మళ్లీ వేడిచేసి సరిగా పోయుము; పొగలు వచ్చెనేని = (అర్థం స్పష్టం); ప్లగ్గు పీకు = ముందా పని చెయ్యి, వ్యాఖ్య తర్వాత చదువుకోవచ్చు.

ఇక వివరణ. మొదట ‘హమ్ము’. సంగీతం తెలిసిన చెవికి ఇది ఒక శబ్దం కాదు, రెండు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు పక్కగా పోయే తీగల్లోకి, గ్రౌండు తెగిన ఇన్‌పుట్ వైర్లోకి దూరేది ఆ 50. బ్రిడ్జి రెక్టిఫయరు తరంగంలోని రెండు సగాలనూ ఒకే వైపుకు తిప్పుతుంది కాబట్టి, అది దాటి వచ్చేది 100. శ్రుతి లెక్కలో రెండూ ఒకే స్వరం, ఒక స్థాయి తేడా. హార్మోనియం మీద ఐదో శ్రుతికి కాస్త పైన పడతాయి. మంద్రంలో గుండ్రంగా వస్తే తీగలను అనుమానించాలి. పై స్థాయిలో తుమ్మెద ఝంకారంలా కోసుగా వస్తే పవర్ సప్లైనీ, అది గ్రౌండులో కలిసే తీరునూ అనుమానించాలి. ‘ఏదో హమ్ వస్తోందండీ’ అనడం రోగి ‘ఒంట్లో బాలేదండీ’ అనడం లాంటిదే.

దోషం ఎటువైపుందో తేల్చడానికి వాల్యూమ్ కంట్రోలు చాలు. సున్నాకు తిప్పితే హమ్ పోయిందా, దోషం దానికి ముందుంది: ఫోను వైరు, సాకెట్టు, షీల్డు. తిప్పినా మారలేదా, దాని వెనక ఉంది. కంట్రోలు కాడను వేలితో తాకగానే హమ్ మారిందా, ఆ కంట్రోలు లోహపు తొడుక్కి గ్రౌండు ఇవ్వలేదు. చిన్న తీగముక్కతో పని అయిపోతుంది.

వెనక ఉన్నదని తేలినప్పుడు కండెన్సరు లెక్క చూడాలి. కారు స్టీరియోల నుంచి వచ్చి మన బజార్లో ఇంటింటి ఆంప్లిఫయరైపోయిన 4440 బోర్డునే తీసుకోండి. కార్లో దానికి బ్యాటరీ ఉంది, ఊగిసలాట లేదు. ఇంట్లో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, 1000 ఎమ్మెఫ్‌డీ కండెన్సరుతో సరిపెడతారు. బోర్డు 1 ఆంపియరు లాగినప్పుడు, 100 హెర్ట్జ్ దగ్గర వోల్టేజీ 10 వోల్టుల మేర ఊగుతుందని లెక్క. 4700 పెడితే సుమారు 2. ఈ తేడాకు కండెన్సరు ధర తప్ప వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

‘ఒక్కచోట’ అన్న మాట దగ్గర వ్యాఖ్యాతలకు తగువు. ఎక్కడ ఆ చోటు? క్యాబినెట్ స్క్రూ అని కొందరు. ట్రాన్స్‌ఫార్మరు నడిమి తీగ అని కొందరు. నల్ల తీగలన్నీ కలిపి మెలిపెట్టి టేపు చుడితే అదే ఒక్క చోటని ఇంకొందరు. వీరి సంఖ్య పెద్దది. పద్యంలోని ‘నొక్క’ను నొక్కడమనే క్రియగా తీసుకుని, ఇన్‌పుట్ సాకెట్టును బొటనవేలితో నొక్కి చూపినవారూ ఉన్నారు. నిజంగానే హమ్ ఆగిపోతుంది. సాకెట్టులో గ్రౌండు రేకు వదులైనప్పుడు నొక్కితే అది తగులుతుంది. వ్యాకరణం తప్పినా వైద్యం కుదిరిన సందర్భం ఇదొక్కటే.

సిద్ధాంతం చెప్పడానికి ఒక బోర్డును దగ్గరగా చూడాలి. ఐదు కాళ్ల టీడీఏ2030 ఐసీ, రెండు పక్కల వోల్టేజీ, రెండు 4700 కండెన్సర్లు. ఆ కండెన్సర్ల గ్రౌండు కాళ్లను కలుపుతూ పది సెంటీమీటర్ల తీగ, నడుమ ట్రాన్స్‌ఫార్మరు నడిమి తీగ. అందరి కళ్లూ ఆ తీగ మీదే పడతాయి. ఇన్‌పుట్ గ్రౌండు తెచ్చి అక్కడే అంటిస్తారు. ఆ తీగలో కరెంటు నెమ్మదిగా పారదు. కండెన్సర్లు నిండేటప్పుడు సెకనుకు 100 సార్లు కుదుపుగా వెళ్తుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ పది సెంటీమీటర్లకు 0.0034 ఓమ్ నిరోధం. పాట లేనప్పుడు కూడా కుదుపుకు అర ఆంపియరు వేసుకుంటే 1.7 మిల్లీవోల్టులు. డేటాషీటు చూపే మామూలు సర్క్యూట్‌లో 22 కిలోఓమ్‌లు, 680 ఓమ్‌ల జంట వల్ల ఐసీ దాన్ని 33 రెట్లు పెంచుతుంది: 56 మిల్లీవోల్టులు. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో స్పీకరు ఆ ‘జ్‌జ్‌జ్’ను నిక్షేపంగా వినిపిస్తుంది. పాట పెంచితే కుదుపులూ పెరుగుతాయి.

అంచేత ఆ కుదుపుల తీగ మీద ఎవరూ నిలబడకూడదు. దాని నడుమ నుంచి విడిగా ఒక చిన్న తోక తీసి, ఆ తోక చివరే ‘ఒక్కచోట’ అనుకోవాలి. స్పీకరు గ్రౌండు, బోర్డు గ్రౌండు, ఇన్‌పుట్ గ్రౌండు అక్కడికి వేర్వేరు తీగలతో రావాలి. ఇన్‌పుట్ సాకెట్టును క్యాబినెట్‌కు తగలకుండా ప్లాస్టిక్ వాషరుతో బిగించాలి, లేకపోతే రెండో చోటు దానంతటదే పుడుతుంది. పద్యంలో ‘ఒండు చోట కాదు’ అని పనిగట్టుకుని చెప్పింది ఇందుకే. చాలామంది చదివేది మొదటి సగమే.

శంక: మూడు పిన్నుల ప్లగ్గులో ఉండేది కూడా ఎర్తే కదా, దాన్నేం చెయ్యాలి? మన షాపుల్లో సున్నా వోల్టు గ్రౌండునీ, గోడలోంచి వచ్చే ఎర్తునీ ఒకే పేరుతో పిలవడం వల్ల పుట్టిన శంక ఇది. ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే. ల్యాప్‌టాప్ కలిపితే హమ్, దాని చార్జరు పీకితే మాయం. అంటే ల్యాప్‌టాప్ ఎర్తు, ఆంప్లిఫయరు ఎర్తు, పాట వైరు షీల్డు కలిసి ఒక వలయం కట్టాయని అర్థం. దీనికి మూడో పిన్ను విరిచెయ్యమని చెప్పే శాఖ ఒకటుంది. ఆ శాఖను ఈ వ్యాఖ్య ఖండిస్తున్నది. ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషను దెబ్బతిన్న రోజున క్యాబినెట్‌కు 230 వోల్టులు వస్తే ఫ్యూజును ఊదేది ఆ పిన్నే. క్యాబినెట్‌ను ఎర్తుకు నేరుగా బిగించాలి. లోపలి గ్రౌండును మాత్రం 10 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా, దానికి సమాంతరంగా బలమైన డయోడ్లను ఎదురెదురుగా పెట్టి, క్యాబినెట్‌కు కలపాలి. అదీ చాలకపోతే పాట దారిలో చిన్న ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు.

ప్రతి హమ్ముకూ ‘ఐసీ డూప్లికేటు’ అని తేల్చేవారి వాదాన్ని పూర్వపక్షంగా కూడా స్వీకరించనక్కర్లేదు. డూప్లికేటు ఐసీలు బజార్లో ఉన్న మాట నిజమే. అవి చాలావరకు వేడెక్కుతాయి, పేలతాయి; శ్రుతి పట్టుకుని కూర్చోవు.

మూడో పాదంలో తర్కశాస్త్రం చెప్పే అతివ్యాప్తి దోషం ఉంది. గరగర అంటే సోల్డరింగే అనడం కుదరదు. వాల్యూమ్ తిప్పినప్పుడే గరగరమంటే అది దుమ్ము, లేదా కంట్రోలు మీదికి డీసీ చేరడం. మల్టీమీటరు పెట్టి చూస్తే తేలుతుంది; ముందున్న కప్లింగు కండెన్సరు లీకవుతోందో, తిరగేసి పెట్టారో. ఫోను దగ్గర పెట్టగానే వచ్చే ‘టక్‌టక్ టర్‌ర్’ వేరు. పాత జీఎస్ఎమ్ ఫోను సెకనుకు దాదాపు 217 సార్లు విడతలుగా ప్రసారం చేస్తుంది, ఆ రేడియో తరంగాన్ని ఐసీ ఇన్‌పుట్ పాటగా పొరబడుతుంది. ఇన్‌పుట్ కాలు దగ్గర 1 కిలోఓమ్, 220 పీఎఫ్ పెడితే చాలావరకు అణుగుతుంది.

అయినా కవి టంకాన్ని పట్టుకోవడంలో అనుభవం కనిపిస్తుంది. ఇంట్లో కట్టిన బోర్డుల్లో డ్రై సోల్డరు అంత మామూలు. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు ఉన్న సోల్డరు 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. బజార్లో మామూలుగా దొరికే 60:40 అలా కాదు. 183 నుంచి 190 దాకా అటూ ఇటూ కాని మెత్తని దశ ఒకటి ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో కాంపొనెంటు కాలు కదిలిందా, అతుకు పైకి పట్టినట్టే ఉంటుంది, లోపల పట్టదు. మంచి అతుకు మెరుస్తూ కాలి చుట్టూ పల్లంగా జారుతుంది. చెడ్డది మసకగా, గరుకుగా, బంతిలా కూర్చుంటుంది. ప్లాస్టిక్ పెన్ను వెనకవైపుతో బోర్డు మీద మెల్లగా తట్టుకుంటూ పోతే, ఏ అతుకు దగ్గర గరగర పెరిగితే అదే దొంగ.

ఇక పొగ. టీడీఏ2030 వీపున ఉన్న లోహపు రేకు మూడో కాలికి, అంటే మైనస్ వోల్టేజీకి లోపలే కలిసి ఉంటుంది. రెండు పక్కల వోల్టేజీ ఉన్న బోర్డులో ఆ వీపును మైకా లేకుండా హీట్‌సింక్‌కు బిగించి, హీట్‌సింకును క్యాబినెట్‌కు బిగిస్తే మైనస్ నేరుగా గ్రౌండుకు షార్టు. మైకా పెట్టినా స్క్రూకు బుష్ వెయ్యకపోతే ఫలితం అదే. కరెంటు ఇవ్వకముందే రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య మల్టీమీటరు బీప్ అనకూడదు.

వోల్టేజీ సంగతీ ఉంది. ఈ ఐసీ తట్టుకునేది అటు 18, ఇటు 18 వోల్టుల దాకానే. 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు లెక్క ప్రకారం అటూ ఇటూ 17 దగ్గర ఇస్తుంది. రాత్రిళ్లు మెయిన్స్ 250కి పెరిగి, పాట కూడా లేకపోతే 18 దాటడం పెద్ద విషయం కాదు. 9-0-9 తీసుకోవడం మేలు, లేదా 22 దాకా తట్టుకునే 2030ఏ.

పొగ రాకుండానే, పాట లేకుండానే ఐసీ చెయ్యి కాలేలా వేడెక్కితే అది చెవికి అందని స్థాయిలో ఆసిలేషన్ చేస్తోంది. సప్లై కాళ్లకు ఆనుకుని 104 డిస్కులు, అవుట్‌పుట్ దగ్గర 1 ఓమ్, 0.22 ఎమ్మెఫ్‌డీ జంట పెట్టారా అని చూడాలి. చవకగా కట్టేవాళ్లు మొదట ఎగ్గొట్టేవి ఇవే.

తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మెకానిక్కులు వాడే సీరీస్ బల్బును పద్యం ప్రస్తావించకపోవడం దాని పెద్ద లోపం. 60 వాట్ల ఫిలమెంటు బల్బును మెయిన్స్ దారిలో సీరీస్‌గా పెడితే, లోపల షార్టుంటే బల్బు వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఆరాక, స్పీకరు తగిలించకముందు అవుట్‌పుట్‌లో డీసీ కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే సరే. 15 వోల్టులుంటే కాలబోయేది స్పీకరు కాయిలు.

విశేషాలు: నాలుగో పాదంలో యతి తప్పింది. ‘పొ’కూ ‘ప్ల’కూ హల్లు కలిసినా అచ్చు కలవలేదు. పొగ వస్తుండగా యతి వెతుక్కోకూడదనే కవి హృదయంగా గ్రహించాలి.

‘సుయ్’మనే శబ్దాన్ని కవి వదిలేశాడు. అది సబబే. రెసిస్టరులో వేడి వల్లే ఈ సవ్వడి పుడుతుందని బెల్ లాబ్స్‌లో జాన్సన్, నైక్విస్ట్ 1928లో ప్రచురించిన వ్యాసాలు తేల్చాయి. దాన్ని పూర్తిగా పోగొట్టలేం. అనవసరంగా పెంచుకోకపోవడమే మన చేతిలో ఉంది. ఎల్ఎమ్386 ఐసీకి 1, 8 కాళ్ల నడుమ 10 ఎమ్మెఫ్‌డీ పెడితే అది 20 రెట్లకు బదులు 200 రెట్లు పెంచుతుంది, సుయ్‌ని కూడా. ఫోను నుంచి వచ్చే పాటకు 20 చాలు. ఆ కండెన్సరును పీకెయ్యడమే దానికి మందు.

తాత్పర్యం: ఇంటి ఆంప్లిఫయర్లో తప్పు చాలాసార్లు ఐసీలో ఉండదు, తీగ కలిసిన చోట, అతుకు పట్టని చోట, మైకా మరిచిన చోట ఉంటుంది. కొత్త ఐసీ కొనేముందు ఆ మూడు చోట్లా చూడండి.

పద్యం ఆగిన చోట ఇంకొక్క మాట. ప్లగ్గు పీకగానే చెయ్యి పెట్టకండి, కండెన్సర్లలో చార్జి ఉంటుంది. ఒక్కొక్క దాని కాళ్ల మధ్య 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరు మూడు సెకన్లు ఆనించి, మల్టీమీటరులో సున్నా చూశాకే బోర్డు తీయండి.