పది వేళ్ళూ ఇవ్వండి, భవిష్యత్తు చెబుతాం

ఇక మన పిల్లల గురించి బెంగ అక్కర్లేదు. సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టం వచ్చింది, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీ కాస్తా కెరీర్ సెంటర్ అయిపోయింది. నేషనల్ కెరీర్ సర్వీసు పోర్టల్‌కు కృత్రిమ మేధ తొడుగుతామని 2025 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ మాటిచ్చింది. 1,750 కోట్ల డాలర్ల ప్రకటనలో అదో వాక్యం. మాటిచ్చింది మన హైదరాబాదు కుర్రాడు సత్య నాదెళ్ళ కాబట్టి మా కోల్‌కతా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దుటినుంచి రాత్రిదాకా చప్పట్లే. పేరు మారింది, యంత్రం వస్తోంది. బల్లకు అవతల కూర్చుని "ఏం చదివావు బాబూ, ఇంట్లో పరిస్థితేమిటి, ఎంతదూరం వెళ్ళగలవు" అని అడిగే మనిషి సంగతి మాత్రం ఆ ప్రకటనలో లేదు.

ఈ ఎక్స్చేంజీలు 1945లో పుట్టాయి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు పని చూపించడానికి. 1959 చట్టం ఖాళీలు తెలియజేయమని యజమానులకు చెప్పింది కానీ, ఇక్కణ్ణుంచే మనిషిని తీసుకోమని చెప్పలేదు. కొత్త చట్టమూ చెప్పలేదు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్చేంజీ పంపిన పేర్లతో సరిపెట్టకుండా పేపర్లోనూ ప్రకటించమంది. న్యాయమైన మాటే. అప్పటికైనా, ఉద్యోగాలు పంచే పని తగ్గింది కదా, దారి చూపే పని గట్టిగా చేద్దామని ఎవరికైనా తోచి ఉండాల్సింది. తోచలేదు. బెంగాల్లో 2012లో ఎంప్లాయ్‌మెంట్ బ్యాంక్ వచ్చింది, మరుసటేడు యువశ్రీ పేరుతో నెలకు 1,500 రూపాయల భత్యం వచ్చింది. భత్యం ఇవ్వడం తప్పనను. కానీ ఆ డబ్బు చేతిలో పెట్టుకుని ఎటు వెళ్ళాలో చెప్పేవాడు కూడా ఉండాలిగా?

ఖాళీగా ఉన్న జాగాలోకి ఎవరో ఒకరు వస్తారు. వచ్చారు. వేలిముద్రలు తీసుకుని పిల్లల వృత్తి చెప్పే మహానుభావులు వచ్చారు. డీఎంఐటీ అంటారట.

మా పైఅంతస్తులో విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఉంది. పిల్లాడు పదో తరగతి. టై కట్టుకున్న ఓ కుర్రాడు లాప్‌టాప్, అరచేతిలో పట్టే స్కానరు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఒక్కో వేలిని ఎడమకు, నిటారుగా, కుడికి, మూడు వైపులా నొక్కించాడు. చూపుడువేలు సరిగా పడకపోతే చొక్కాకు తుడుచుకోమన్నాడు. కడుపులో ఉన్నప్పుడు మెదడూ వేలిగీతలూ ఒకేసారి తయారవుతాయట, కాబట్టి ఇది చూస్తే అది తెలిసిపోతుందట. ఆ లెక్కన కనుబొమ్మలు చూసి కిడ్నీల సంగతి కూడా చెప్పొచ్చు.

కొన్నాళ్ళకు రంగురంగుల పుస్తకం వచ్చింది. ఎడమ మెదడు 51.83 శాతం, కుడి మెదడు 48.17 శాతం. కందిపప్పు తూచే కిరాణా కొట్టువాడైనా రెండో దశాంశం దాకా వెళ్ళడు. చివరి పేజీలో పిల్లాడికి నప్పే వృత్తులు: డాక్టరు, ఇంజనీరు, లాయరు, గాయకుడు, వ్యాపారి, ఐఏఎస్. "చూశారా అన్నయ్యగారూ, మావాడు ఏదైనా చేయగలడట!" అని ఆ తల్లి మురిసిపోయింది. పాడైన ఫ్యాను దొరికితే చాలు, విప్పి బిగించి తిరిగేలా చేసేదాకా వాడికి అన్నం గుర్తురాదు. ఆ ముక్క పుస్తకంలో ఎక్కడా లేదు. నీకేమిష్టం అని వాణ్ణి అడిగితే కదా ఉండడానికి!

ఇదంతా ఏ ఊళ్ళో జరుగుతోందో చూడండి. వేలిముద్రకు పరువు తెచ్చిందే ఈ బెంగాలు. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు కంకర కాంట్రాక్టరు చేత పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో కలకత్తాలో తెరిచారు. ముద్రలను వర్గీకరించే పద్ధతికి చెమటోడ్చినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పైఅధికారి హెన్రీకి పోయింది. అంతకు ముందే, 1892 నాటి పుస్తకంలో గాల్టన్ అనే శాస్త్రవేత్త చదువుకున్నవాళ్ళ ముద్రలూ, పొలం కూలీల ముద్రలూ, మందబుద్ధులవీ పక్కపక్కన పెట్టి చూసి, తెలివితేటల జాడ వీటిలో లేదని తేల్చేశాడు. తేడా కనిపిస్తే బాగుండునని ఆశపడి వెతికినవాడే చేతులెత్తేశాడు. బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం చెప్పిన హొవార్డ్ గార్డ్‌నర్ కూడా ఈ డీఎంఐటీ పరీక్షను సమర్థించలేదు. భారతీయ మనోవైద్యుల సంఘం శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. స్కానరు మాత్రం అపార్ట్‌మెంటు తర్వాత అపార్ట్‌మెంటు ఎక్కుతూనే ఉంది.

మన రెండు రాష్ట్రాలు ఇంకా నయం. అక్కడ స్కానరు ఖర్చు కూడా లేదు. ఎంపీసీయా, బైపీసీయా అని కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఫోన్లో అడుగుతాడు, మార్గదర్శనం అక్కడితో పూర్తి.

నవ్వింది చాలు. టీటాగఢ్‌లో జనపనార మిల్లుల చుట్టూ తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. తాత మిల్లులో, తండ్రి మిల్లులో. ఇప్పుడు మనవడు ఏం చేయాలి? ఐటీఐలో ఏ ట్రేడుకు గిరాకీ ఉంది, రైల్వే అప్రెంటిస్‌కు ఏ సర్టిఫికెట్ కావాలి, స్కాలర్‌షిప్ గడువెప్పుడు, తెలుగు బడిలో చదివినవాడికి పై చదువెక్కడ? ఈ నాలుగు మాటలు నిజాయితీగా చెప్పేవాడు కావాలి. సీటు అమ్ముకునేవాడు కాదు, పుస్తకం అమ్ముకునేవాడు కాదు. ఏమీ అమ్మనివాడు సర్కారు జీతం మీద కూర్చున్న మనిషి ఒక్కడే. ఆ పోస్టు విలువంతా అదే. దాన్ని ఎండబెట్టి, పేదవాడికి పోర్టల్, ఉన్నవాడికి స్కానరు ఇచ్చాం. సిగ్గుండాలి.

దొరికిన ఉద్యోగం పోయినవాళ్ళకూ ఆ మనిషి కావాలి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు బెంగాల్లో 25,753 మంది బడి ఉద్యోగుల నియామకాలు రద్దుచేసింది. లంచం ఇచ్చినవాళ్ళతో పాటు ఇవ్వనివాళ్ళ నియామకాలూ పోయాయి. "బడి ఉద్యోగం అంత భద్రమైంది లేదు" అని నమ్మి వెళ్ళినవాళ్ళే వాళ్ళందరూ. అలాంటి వాళ్ళ పక్కన కూర్చుని ఇప్పుడేం చేద్దామని అడగడానికి ఏ అల్గారిథం వస్తుంది?

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కలకత్తా విశ్వవిద్యాలయం 1938లోనే అనువర్తిత మనస్తత్వశాస్త్ర విభాగం పెట్టి వృత్తి మార్గదర్శనం మీద పని మొదలుపెట్టింది. 1952-53లో ముదలియార్ కమిషన్ బడుల్లో గైడెన్స్ ఆఫీసర్లూ, కెరీర్ మాస్టర్లూ ఉండాలంది. 1964-66లో కొఠారీ కమిషన్ మళ్ళీ అదే చెప్పింది. నివేదికలకు కొదవ లేదు, కుర్చీలో మనిషికే కరువు.

యంత్రం తెచ్చుకోండి, కాదనను. ముందు ప్రతి కెరీర్ సెంటర్లో చదువుకున్న, ఓపికున్న మనిషిని కూర్చోబెట్టండి. తల్లిదండ్రులారా, మీరు కూడా పిల్లాడి వేళ్ళు స్కానరుకు అప్పగించే ముందు మీ ఎక్స్చేంజీకి వెళ్ళి, వొకేషనల్ గైడెన్స్ చూసే అధికారి ఎవరని అడగండి. ఎవరూ లేరంటే ఎందుకు లేరో రాసి అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు అయ్యేది 10 రూపాయలు.