నిండా మునిగినవాడికి వెట్‌సూటెందుకు?

వేసవి సెలవుల్లో మయామీలో ఓడెక్కి, దారిలో ఒకపూట మెక్సికోవారి కోజుమెల్ దీవిలో దిగి, స్కూబా డైవింగ్ చేసి రావాలనుకునే మనవాళ్ల కోసం ఈ చిట్కాలు. సర్టిఫికెట్ ఉంది. సెలవుంది. క్రెడిట్ కార్డుంది. ఇక కొనాల్సింది సామాను. దుకాణానికి వెళ్తే ఒంటికి సరిపోవాలి, నీటికి తగ్గట్టుండాలి అని ఏవేవో చెబుతారు. పట్టించుకోకండి. సామాను ఉన్నది మనల్ని కాపాడ్డానికి కాదు, మన బదులు మాట పడ్డానికి. ఆడలేనివాళ్లకు మద్దెల ఎంత అవసరమో మనకు సామాను అంత అవసరం. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ఒక్కటే ఆలోచించండి: రేపు తేడా వస్తే తప్పు దీని మీదకి నెట్టొచ్చా? నెట్టొచ్చు అనిపిస్తే బిల్లు వేయించండి.

1. వెట్‌సూట్ ఖర్చు ఎగ్గొట్టండి.
వేసవిలో అక్కడి నీళ్లు 28, 29 డిగ్రీలుంటాయి. మన ఒళ్లు 37. ఆ కాస్త తేడాకు డబ్బు తగలేస్తామా? గాలికన్నా నీరు ఒంట్లో వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తుందనీ, మొదటి డైవ్‌లో హాయిగా ఉన్నవాడే రెండో డైవ్‌లో గడగడలాడతాడనీ అనుభవజ్ఞులు బెదిరిస్తారు. నిండా మునిగినవాడికి చలేమిటని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఒకవేళ వణికినా లాభమే. వణికేవాడికి గాలి త్వరగా అయిపోతుంది. అందరికన్నా ముందు పైకొచ్చి, పడవలో పెట్టిన పుచ్చకాయ ముక్కల్లో మంచివి ఏరుకోవచ్చు.

2. కొనక తప్పదంటే మందం చూసి కొనండి.
ఆ నీళ్లకు 3 మిల్లీమీటర్లు చాలు, చలి తట్టుకోలేనివాళ్లకు 5 అంటారు. క్లియరెన్స్‌లో 7 మిల్లీమీటర్లది అదే ధరకు వస్తుంటే 3 ఎవడు కొంటాడు? అదే డబ్బుకు రెట్టింపు పైన రబ్బరు! పడవలో ఎండకు ఉడికిపోవడం మొదటి లాభం. నీళ్లలోకి దూకాక ఆ రబ్బరులోని గాలి బుడగలు మిమ్మల్ని పైకే లాగుతుంటాయి కాబట్టి మునగలేరు. ఎలాగో మునిగి పది మీటర్లు దిగితే పీడనం రెట్టింపై, బుడగలు నలిగిపోయి, రాయిలా దిగిపోతారు. పైన మునగరు, కింద తేలరు. రెండు చోట్లా తప్పు సూటుదే.

3. సైజు విషయంలో ఉమ్మడి కుటుంబంలా ఆలోచించండి.
మీకూ, తోడల్లుడికీ, కాలేజీకెళ్లే అబ్బాయికీ పట్టే సైజు తీసుకోండి. లోపలికి చేరిన పలచని నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి కదలకుండా ఉంటేనే వెట్‌సూట్ పనిచేస్తుంది. వదులుగా ఉంటే కాలు ఆడించినప్పుడల్లా ఆ నీరు పోయి కొత్త నీరు వస్తుంది. పోనివ్వండి, సముద్రంలో నీళ్లకు కరువా? ఫొటోలే ముఖ్యం అనుకునేవాళ్లు మాత్రం రెండు సైజులు తక్కువ కొనాలి. పాదానికి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుంటే బిగుతు సూటు కూడా సులువుగా జారుతుంది. ఆ పని చేయకండి. ముగ్గురు పట్టి లాగితే తప్ప ఎక్కకూడదు. అప్పుడే పడవలో అందరికీ మీరెవరో తెలుస్తుంది.

4. అద్దె ఫారంలో పెళ్లినాటి బరువు రాయండి.
ఎత్తు, బరువు రాయమంటారు. దాన్ని బట్టే నడుముకు ఎంత సీసం కట్టాలో అంచనా వేస్తారు. నిజం రాస్తే పక్కనున్న మీ ఆవిడ చూస్తుంది. ఎన్ని కిలోలు కావాలని అడిగితే, ఫ్లోరిడా ఊటల్లో శిక్షణప్పుడు కట్టుకున్న లెక్కే చెప్పండి. ఉప్పునీరు మంచినీటికన్నా నూటికి రెండున్నర పాళ్లు బరువు. అందులో మనిషి ఎక్కువ తేలతాడు, సీసం ఎక్కువ కావాలి. పైగా మామూలు అల్యూమినియం సిలిండరులో గాలే రెండు కిలోల పైన తూగుతుంది. అది పీల్చేసేకొద్దీ సిలిండరు తేలికవుతుంది. సరిగ్గా పైకి రాకూడని సమయంలోనే బెండులా పైకొస్తారు. దిగగానే ఉపరితలం మీద తేలి చూసుకునే బరువు పరీక్ష ఒకటుంది. రెండు నిమిషాల పని. మనకెందుకు?

5. మాస్కు రంగు చూసి కొనండి.
పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చేయి వదిలేస్తే, సరిపోయే మాస్కు పడిపోకుండా అంటుకుని ఉంటుంది. దుకాణంలో నలుగురి ముందు ఆ వేషాలు వేయకండి. మీసం మీదుగా నీళ్లు కారితే మాస్కును తిట్టండి, మీసం మన గౌరవం. కొత్త అద్దం మీద తయారీలో మిగిలిన పొర ఉంటుంది. టూత్‌పేస్టుతో బాగా రుద్దకపోతే ఆవిరి పడుతూనే ఉంటుంది. రుద్దకండి. అందరూ తాబేలును చూశామని మురిసిపోతుంటే, అక్కడ చూడ్డానికి ఏమీ లేదని మీరొక్కరే ధైర్యంగా చెప్పగలరు. ఇంకా పొదుపు కావాలంటే పిల్లల ఈత కళ్లద్దాలు పట్టుకెళ్లండి. వాటికి ముక్కు ఉండదు కాబట్టి లోపలి పీడనం సరిచేయడం కుదరదు. కళ్లు ఎర్రబారి ఉబ్బుతాయి. ఆఫీసులో ఇంకో రెండు రోజులు సెలవు అడగడానికి అంతకన్నా ఏం కావాలి?

6. రెగ్యులేటర్‌ను గ్యారేజీలోంచి తీయండి.
ఏడాదికోసారి సర్వీసు చేయించాలంటారు. పనిచేస్తున్నదాన్ని విప్పడం మన ఇంటావంటా లేదు. ఏ స్నేహితుడో ఇల్లు మారుతూ వదిలేసిపోయినది దొరికితే మరీ మంచిది. కొత్తది కొనేటట్టయితే సిలిండరులోకి మర తిప్పి బిగించే డిన్ రకం కొనండి, అడాప్టర్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. కరీబియన్ పడవల్లో ఎక్కువగా పైనుంచి బిగించే యోక్ రకం సిలిండర్లే ఉంటాయి. మీది దానికి పట్టదు. ఇంత పెద్ద దీవిలో సరైన సిలిండరు లేదా అని గట్టిగా విసుక్కుని, దర్జాగా పడవలోనే పడుకోండి.

7. ఇద్దరికి ఒక్క డైవ్ కంప్యూటర్ చాలు.
ఎవరు ఎంత లోతులో ఎంతసేపున్నారో ఎవరిది వాళ్లకే లెక్క అని తయారీదారులు అంటారు, రెండు అమ్ముకోవడానికి. బావమరిది చేతికి కట్టి, ఆయన వెంట వెళ్లండి. ఆయన 15 మీటర్లలో ఉండగా మీరు 25 మీటర్లకు జారితే, ఆయన కంప్యూటర్‌కు అంతా క్షేమమే. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకూడదు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి అంటారు. లిఫ్టు కోసం ఆగనివాళ్లం, నీళ్లలో ఆగుతామా?

8. చేతి తొడుగులు, కత్తి తప్పకుండా సర్దుకోండి.
కత్తి ఓడెక్కేటప్పుడే సెక్యూరిటీవాళ్లు తీసుకుంటారు. అక్కడ అరగంట వాదనకు అవకాశం. తొడుగులు పడవదాకా వస్తాయి. కోజుమెల్ పగడపు దిబ్బలు 1996 నుంచి జాతీయ సముద్ర ఉద్యానం. తొడుగులుంటే మనుషులు పగడాలను పట్టుకుంటారని అక్కడ వాటిని నిషేధించారు. మీరు చొక్కాలో దాచి తీసుకెళ్లండి. ఉండ పగడం ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగడం కష్టం. మీ ఒక్క ఊతకు ఎన్నేళ్ల పెరుగుదలైనా విరుగుతుంది. డైవ్ మాస్టర్ చూస్తే తేలడం రాక పట్టుకున్నానని చెప్పకండి, ప్రవాహం నెట్టిందనండి. ప్రవాహానికి నోరు లేదు.

9. గాలి ఊది పైకి లేపే గొట్టాన్ని మర్చిపోండి.
కోజుమెల్‌లో ఈదే శ్రమ లేదు. పలంకార్, శాంటా రోసా దిబ్బల పక్కన ప్రవాహమే మనిషిని మోసుకుపోతుంది, పడవ పైనుంచి వెంట వస్తుంది. బద్ధకస్తుల స్వర్గం. గుంపు నుంచి తప్పిపోయి వేరే చోట తేలితే పడవవాడికి కనబడ్డానికి ఎర్రటి గొట్టం, ఈల ఉంచుకోవాలంటారు. జేబు ఎత్తుగా కనబడి ఫొటో పాడవుతుంది. వాళ్లే వెతుక్కుంటారు, అందుకేగా డబ్బు కట్టింది.

10. వైద్య ప్రశ్నపత్రంలో అన్నిటికీ "లేదు" కొట్టండి.
ఉబ్బసం, గుండె, చెవి, బీపీ మందులు. ఒక్కదానికి "ఉంది" అన్నా డాక్టరు సంతకం తెమ్మనే ప్రమాదముంది. చదవకుండా కొట్టేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. జలుబు చేసిందా? ఓడ బఫేలో మూడో ఐస్‌క్రీమ్ మానక్కర్లేదు, ముక్కు తెరిపించే మాత్ర ఒకటి వేసుకుని దిగిపోండి. మాత్ర మహత్యం నీళ్ల అడుగున అయిపోతే, లోపలికి పోయిన గాలి బయటికి దారిలేక పైకి వచ్చేటప్పుడు నొప్పి పెడుతుంది. చెవిపోటు అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే.

11. ట్యాగు తెంపకండి.
అమెరికాలో ఇదే అసలైన డైవింగ్ విద్య. ట్యాగును లోపలికి మడిచి, ప్లాస్టర్ అంటించి, రశీదు పదిలంగా దాచి, వెట్‌సూట్ వాడుకోండి. తర్వాత మంచినీళ్లలో కడగకండి, కడిగితే వాడినట్టు తెలుస్తుంది. తడిదే క్యాబిన్ బాత్‌రూమ్‌లో వేలాడదీసి తలుపు మూయండి. రెండు రోజుల్లో ఇంట్లోవాళ్లు భోజనానికి పిలవకుండానే బయటికి వెళ్లిపోతారు, మంచం మొత్తం మీదే. ఇంటికెళ్లాక తిరిగిస్తూ, "సైజు సరిపోలేదు" అనండి. కౌంటర్ మీద ఉప్పు రాలితే ఏసీ వైపు చూడండి.

12. ఫోన్‌లో టైమును నమ్మండి.
ఓడవాళ్ల టూరు ఖరీదెక్కువ, బయట పడవ మాట్లాడుకోండి. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది, మీ సొంత బేరానికి ఆగదు. కోజుమెల్ ఉన్న క్వింతానా రో రాష్ట్రం 2015 నుంచి వేసవికి గడియారం మార్చడం మానేసింది. వేసవిలో మయామీకన్నా అక్కడ గంట వెనక. ఓడ మయామీ టైమే పాటిస్తుంటే, దీవిలో దిగగానే తనంతట తాను మారిపోయిన మీ ఫోన్ ఇంకా గంట ఉందంటుంది. నింపాదిగా రెండో డైవ్ ముగించి, టాకోలు తిని, రేవుకు రండి. ఓడ అందంగా కనబడుతుంది, వెనకవైపు నుంచి.

ఇక విమానమే గతి. పాస్‌పోర్టు క్యాబిన్ లాకర్లో వదిలేసి వచ్చారు కాబట్టి రేవులో ఓడ ఏజెంటును పట్టుకోండి. ఒకే రోజు రెండు డైవులు చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సలహా. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకెళ్లాక బుడగలు కడుతుందట. టికెట్టు ఆ రాత్రికే చవగ్గా దొరికితే ఏం చేయాలో ఈ వ్యాసం ఇంతదాకా చదివినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కీళ్లు నొప్పెడితే బుడగలను మళ్లీ కరిగించే ఛాంబర్ కోజుమెల్‌లోనే ఉంది. డైవింగ్ బీమా ఎలాగూ తీసుకోలేదు కాబట్టి, కార్డు లిమిట్ ఎంతుందో మాత్రం మయామీలోనే చూసుకుని బయల్దేరండి.