ఎన్వీడిమ్ ఆజ్ఞకు టీకా తాత్పర్యం

అవతారిక

కాకినాడలో ఏది పోయినా ముందు కరెంటును తిడతాం, తర్వాత తుఫానును. మొన్న మా మేనల్లుడి విషయంలో రెండూ నిర్దోషులే. వాడు క్యూఎమ్యూ సాఫ్ట్‌వేర్‌తో తన కంప్యూటర్లో ఒక వర్చువల్ మెషీన్‌ను పుట్టించి, ఆపినా మరిచిపోని మెమరీ దానికి అమర్చి, మూడు రోజుల పని అందులో దాచుకున్నాడు. నాలుగో రోజు తన చేత్తోనే ఆపి మళ్లీ పెట్టాడు. పలక కడిగినట్టుంది. "మావయ్యా, ఒక్క అక్షరం తప్పుంటే చూపించండి" అని కాగితం నా చేతిలో పెట్టాడు. నిజమే, తప్పు లేదు. ఉండవలసిన మాట ఒకటి లేదు. దాన్ని చేర్చి పరిష్కరించిన పాఠం ఇది.

మూలం

క్యూఎమ్యూ -మెషీన్ పీసీ,ఎన్వీడిమ్=ఆన్
-ఎమ్ 4జీ,స్లాట్స్=2,మ్యాక్స్‌మెమ్=8జీ
-ఆబ్జెక్ట్ మెమరీ-బ్యాకెండ్-ఫైల్,ఐడీ=మెమ్1,షేర్=ఆన్,మెమ్-పాత్=గోదారి,సైజ్=4జీ
-డివైస్ ఎన్వీడిమ్,ఐడీ=ఎన్వీ1,మెమ్‌డెవ్=మెమ్1

ఛందస్సు

యతి లేదు, ప్రాస లేదు. నియమం మాత్రం ఉత్పలమాల కన్నా కఠినం. కామా తర్వాత ఊపిరి పీల్చుకుందామని ఖాళీ వదిలితే పాదం విరుగుతుంది.

ప్రతిపదార్థం

ఎన్వీడిమ్ = కరెంటు పోయినా నిలిచే మెమరీ; మామూలు ర్యామ్ కూర్చునే చోటే కూర్చుంటుంది.
ఎన్వీడిమ్=ఆన్ = "అటువంటిదొకటి వస్తోంది, రానివ్వు" అని మదర్‌బోర్డుకు ముందుగా చెప్పడం.
4జీ = నాలుగు గిగాబైట్ల మామూలు ర్యామ్.
స్లాట్స్=2 = రెండు పీటలు; ర్యామ్‌కొకటి, వచ్చేవారికొకటి. బంతి సాగుతుండగా పీట వెతుక్కోకూడదు.
మ్యాక్స్‌మెమ్=8జీ = ర్యామ్ 4, ఎన్వీడిమ్ 4; ఆ మొత్తానికి తగ్గకూడదు.
మెమరీ-బ్యాకెండ్-ఫైల్ = వర్చువల్ మెషీన్ మెమరీ అనుకునేది అసలు కంప్యూటర్లో ఒక ఫైలు.
మెమ్-పాత్=గోదారి = ఆ ఫైలు పేరు.
మెమ్‌డెవ్=మెమ్1 = మూడో పాదంలో మెమ్1 అని పేరు పెట్టిన ఫైలే నాలుగో పాదంలోని ఎన్వీడిమ్‌కు ఒళ్లు అని అన్వయం.

పాఠాంతరం

"షేర్=ఆన్" మేనల్లుడి ప్రతిలో లేదు. కావ్యంలో ఒక మాట లోపిస్తే వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకుంటాడు. ఇక్కడ అధ్యాహారం చేసుకునేది యంత్రం. అదీ మనకు కావలసిన మాట కాదు, తనకు అలవాటైన "ఆఫ్". కిక్కురుమనదు, తప్పని చెప్పదు. అప్పుడు రాసిన రాతలన్నీ వర్చువల్ మెషీన్ సొంత ప్రతిలోనే తిరుగుతాయి, ఫైలులోకి దిగవు. బయటి నుంచి చూస్తే గోదారి సరిగ్గా నాలుగు గిగాబైట్లు. వీడు మూడు రోజులూ ఆ అంకె చూసే నిబ్బరంగా ఉన్నాడు. లోపలివన్నీ సున్నాలు.

దృష్టాంతం: ఉప్పాడ జాందానీలో ముందు వైపు నేసిన పువ్వు వెనక వైపూ అలాగే ఉంటుంది. షేర్=ఆన్ ఆ నేత. ఆఫ్ అన్నది అచ్చు వేసిన చీర. కట్టుకున్నంతసేపూ తేడా తెలియదు, తిరగేస్తే తెలుస్తుంది.

పూర్వపక్షం

"షేర్ పెట్టాం కదా, ఇక కరెంటు పోయినా దిగుల్లేదా?"

సిద్ధాంతం

ఉంది. గోదారి మామూలు డిస్కు మీద ఉంటే, వర్చువల్ మెషీన్‌ను ఆపి మళ్లీ పెట్టినా రాత దక్కుతుంది. అసలు కంప్యూటర్‌కే కరెంటు పోతే, డిస్కులోకి ఇంకా దిగని రాతలు పోవచ్చు. లోపలివాడు మాత్రం శిలాశాసనం చెక్కాననే నమ్మకంలో ఉంటాడు. అడుగున నిజంగా చెరగని మెమరీ ఉంటేనే "పీమెమ్=ఆన్" అనాలి. లేదని తెలిస్తే "అన్‌ఆర్మ్‌డ్=ఆన్" అనడం నిజాయితీ; అప్పుడు లోపలి లైనక్స్ దాన్ని చదువుతుంది, రాయదు.

విశేషాలు

ఎన్వీడిమ్ సదుపాయం క్యూఎమ్యూలోకి 2016లో, 2.6 వెర్షన్‌తో వచ్చింది. 2.7లో లేబుల్, అంటే ఎన్వీడిమ్ తన విభజన వివరాలు రాసుకునే చోటు, చేరింది. కనీసం 128 కిలోబైట్లు, ఫైలు తోకన ఉంటుంది. పాత ఫైలుకు కొత్తగా లేబుల్ తగిలిస్తే తోకలో ఉన్న మన రాత పోతుంది. అసలు సరుకును, అంటే నిజంగా చెరగని మెమరీని, ఇంటెల్ "ఆప్టేన్" పేరుతో 2019లో 128, 256, 512 గిగాబైట్ల కార్డులుగా తెచ్చింది. 2022లో ఆ వ్యాపారానికి స్వస్తి చెప్పింది. చెరగనిదే చెరిగింది గనుక విరోధాభాసం.

తాత్పర్యం

నిలుస్తుందన్న పేరు వేరు, నిలవడం వేరు. మేనల్లుడు పరిష్కృత పాఠంతో మళ్లీ మొదలుపెట్టి, లోపల "కాజా" అని ఒక్క మాట రాసి, ఆపి, మళ్లీ పెట్టాడు. కాజా ఉంది. చదువరులారా, మూడు రోజుల పని దాచే ముందు మీరూ ఒక్క మాట రాసి, ఆపి చూసుకోండి.