జరసేపు

ఇందల్వాయి తహసీల్దారు ఆఫీసులో పడ్డ సర్వరు ఎప్పుడు లేస్తుందో కొలవడానికి ఒకటే కొలమానం: జరసేపు.

“సర్వర్ డౌనుందే బాపూ, జరసేపు కూసో.”

“జరసేపంటె ఎంత బిడ్డా?”

“జరసేపే.”

పాస్‌బుక్కు జిరాక్సును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకొచ్చిన రైతుకు మొదటి జరసేపులో చాయ, రెండో జరసేపులో బీడీ అయిపోతాయి. మూడోదాంట్లో ఆఖరి బస్సు పోతుంది.

అదే ఇందల్వాయి టోల్‌గేటు సంగతి వేరు. బండికి 10 సెకన్లు మించొద్దని జాతీయ రహదారుల సంస్థ 2021లోనే టోల్‌గేట్లన్నిటికీ తాఖీదిచ్చింది. లారీకి సెకన్లలో గడువు పెట్టగలిగిన దేశానికి, పట్టా దగ్గరికొచ్చేసరికి గడియారం కనబడదు.

కాగితం మీద మాత్రం లోటేమీ ఉండదు. డేటాబేసు కూలితే 4 గంటల్లో లేపుతామని రాసి ఉంటుంది. ఆ నాలుగు ఎక్కడిదంటే, పాత టెండరులోది. లెక్క వేసి చూసిన పాపాన ఎవరూ పోరు. రెండు టీబీల డేటా, సెకనుకు 100 ఎంబీ చొప్పున వస్తే కాపీకే ఐదున్నర గంటలు. ఆ తర్వాత లాగ్‌లు ఎక్కించాలి, ఇండెక్సులు కట్టాలి, సర్వే నంబర్లు సరిపోయాయో చూడాలి. వీటికి ముందు, పాస్‌వర్డు తెలిసిన ఒకే ఒక్కాయన తిరుపతి నుంచి దిగాలి.

అప్పటి భూరికార్డుల పోర్టల్ ధరణినే తీసుకోండి. డేటాబేసు వెర్షను మార్చాలని 2024 డిసెంబరు 12 సాయంత్రం ఆపితే, మళ్లీ 16 పొద్దున అన్నారు. ముహూర్తం చూసుకొని, జనానికి చెప్పి, సరంజామా అంతా దగ్గర పెట్టుకొని చేసే పనికే మూడున్నర రోజులు. చెప్పకుండా వచ్చే నిప్పుకు నాలుగు గంటలట!

నిప్పు ఊహ కాదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్‌లో సర్కారు డేటా సెంటరు తగలబడితే ఉద్యోగుల దస్త్రాలు 858 టీబీలు బూడిదయ్యాయి. మరీ పెద్దదని దానికి బ్యాకప్పే పెట్టలేదు. బ్యాకప్ ఉన్నా గండం గడిచినట్టు కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒకాయన పొరపాటున అసలు డేటాను చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్పులున్నాయనుకుంటే ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన కాపీ దొరకబట్టి బతికారు. నెమ్మది డిస్కుల మీద నుంచి దాన్ని తెచ్చుకోవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ బాగోతమంతా వాళ్లే యూట్యూబులో లైవు పెట్టారు. మనవాళ్లయితే ‘సాంకేతిక కారణాలు’ అని రెండు మాటల్లో తేల్చేసేవారు.

మనకూ బ్యాకప్ డ్రిల్లులుంటాయి. ఆదివారం పూట, అందరికీ చెప్పి, వెయ్యి వరుసల బుల్లి టేబులొకటి తెచ్చి, కొత్త సర్వరులో పోసి ‘ఆరు నిమిషాలు’ అని రాసుకుంటారు. ఎండాకాలంలో వాగు దాటి వానాకాలానికి హామీ ఇచ్చినట్టు! ఇక మొత్తం డేటాను, సోమవారం పదకొండింటికి, చెప్పాపెట్టకుండా తెచ్చి చూడమంటే “సర్వీసు ఆగిపోతుంది సార్” అంటారు. ఏదో ఇప్పుడు నడుస్తున్నట్టు.

డ్రిల్లు రిపోర్టు మాత్రం ఎన్నడూ ఆలస్యం కాదు. విజయవంతమని ముందు రోజే టైపై ఉంటుంది, తేదీ ఒక్కటే ఖాళీ.