ఉప్పు తీసి, ఉప్పు పోసి

మా బామ్మర్ది కర్నూలులో సముద్రం పెట్టాడు. టీకొట్టు పెట్టినట్టు, చీటీలు పెట్టినట్టు, హాల్లో టీవీ పక్కన పెట్టాడు. పొడవు నాలుగడుగులు, వెడల్పు ఒకటిన్నర, లోతు ఒకటిన్నర. ఇంతవరకూ బంగాళాఖాతంతో మా జిల్లాల చుట్టరికం వాయుగుండం వార్తల వరకే. ఆ వాయుగుండం కూడా నెల్లూరు దాకా వచ్చి, మా ఊరి పేరు వినగానే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగేది.

వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి నుంచే పని అన్న వరం దొరకగానే మూటాముల్లె సర్దుకుని సొంతూరు చేరాడు. చేరేముందు ఏదో పెద్ద హోటల్లో అద్దాల తొట్టి చూశాడట. అందులో రీఫ్ అనే పగడాల దిబ్బ, దాని చుట్టూ నారింజ రంగు చేపలు. అప్పటి నుంచి వాడికి నిద్ర లేదు. కడపలో నాకు ఫోన్ చేశాడు: "బా, ఆదివారం రా. ఇంట్లో సముద్రం చూద్దువు."

సీమకు ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది. పొలాలు తడవడమే కాదు, పడవలు కూడా నడవాలని దొరల ఆశ. పడవల మాటెలా ఉన్నా కంపెనీయే మునిగింది. 1882లో కాలువను ప్రభుత్వం కొనేసింది. అలా ఆ కర్నూలు-కడప (కేసీ) కాలువలో పడవెక్కి పోవాల్సిన నేను ఆ ఆదివారం బస్సులో ఒంటికాలి మీద నిలబడి కర్నూలు చేరాను.

వెళ్లేసరికి సముద్రం ఇంకా తయారవుతోంది. ముందు నీళ్లు. రీఫ్ తొట్టికి కుళాయి నీళ్లు కుదరవు, బోరు నీళ్లు అసలే కుదరవు. వాటిలో ఏముందో మనకు తెలియకపోయినా పాచికి తెలుస్తుంది. అందుకని ఆర్వో మిషన్, దాని వెనక ఇంకో రెసిన్ గొట్టం పెట్టి, టీడీఎస్ మీటర్ సున్నా చూపించేదాకా వడగట్టాలి. లీటరు నీళ్లు చేతికొస్తే మూడు లీటర్లు మోరీకి పోతాయి. 250 లీటర్ల తొట్టి నిండేసరికి 750 లీటర్లు వీధి పాలయ్యాయి. మా మామ ఆ మోరీ పక్కనే నిలబడి, శ్రీశైలం గేట్లెత్తినప్పుడు టీవీలో చూసే ముఖంతో, పోయే నీళ్లను చూస్తున్నాడు.

ఇప్పుడు ఆ సున్నా నీళ్లలో డబ్బా మీద పగడాల బొమ్మున్న దిగుమతి ఉప్పు కలపాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు, తొట్టికి దగ్గర దగ్గర తొమ్మిది కిలోలు. మా ఆవిడ వాళ్ల అవ్వ మంచం మీది నుంచి ఇదంతా చూస్తోంది. ఆవిడకు కళ్లు కొంచెం మసక, బుర్ర కాదు.

"ఏమబ్బీ, మన బోరునీల్లు ఉప్పగుండాయని గదా ఆ మిషన్ పెడితివి?"

"అవునవ్వా."

"ఆ ఉప్పు తీసి మోరీకి ఇడిస్తివి. మల్లా దుడ్డిచ్చి ఉప్పు తెచ్చి పోస్తాండావు. బోరునీల్లే పోసుంటే రెండు పన్లూ తప్పేవి గదా?"

"అది ఏరే ఉప్పవ్వా. దీంట్లో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ సముద్రంలో యెంతుంటాయో అంతే కొలిచి ఏసింటారు. వంటింటి ఉప్పు పనికిరాదు."

"ఉప్పుకూ కులముండాదా నాయనా!" అని అవ్వ అటు తిరిగి పడుకుంది.

నీళ్లు పోసి ఉప్పు కలిపితే సముద్రం అయిపోదు. అడుగున ఇసుక, దాని మీద బెజ్జాల రాళ్లు పేర్చి, అలల కోసం మోటార్లు బిగించి, ఇంక ఊరికే కూర్చోవాలి. నాలుగు వారాలు కావచ్చు, ఆరు కావచ్చు. చేప ఉండదు, పగడం ఉండదు. చేయాల్సిందల్లా ఒక పచ్చిరొయ్యను తొట్లో వేసి కుళ్లబెట్టడం. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియాను తినే బాక్టీరియా తయారై దాన్ని నైట్రైట్ చేస్తుంది. నైట్రైటూ విషమే, దాన్ని తినే ఇంకో జాతి బాక్టీరియా వచ్చి నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ సున్నాకు దిగిన రోజున తొట్టి పండినట్టు. దీన్ని 'సైకిల్' అంటారు. ఓపిక లేనివాళ్లు ఈ పనిలోకి దిగొద్దని తెలిసినవాళ్లు మొదటి రోజే హెచ్చరిస్తారట.

ఓపిక గురించి మాకా చెప్పేది? ఖాళీ తొట్టి ముందు కూర్చుని ఇవాళో రేపో నిండుతుందని చూడడంలో సీమవాళ్లకు మూడు తరాల అనుభవం ఉంది. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో పెద్దలు కూర్చుని కృష్ణా తుంగభద్రల నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు అని రాసుకున్నారు. ఆ తొట్టి ఇంకా సైకిల్ అవుతూనే ఉంది. అందులో వేసిన రొయ్య మాత్రం ఎన్నికలకొకసారి గుప్పుమంటుంది.

బామ్మర్ది రోజూ పొద్దున్నే గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, అందులో చుక్కల మందు వేసి, కిటికీ దగ్గర పైకెత్తి చూసేవాడు. ఆకుపచ్చ తేలితే అమ్మోనియా ఉన్నట్టు, పసుపు తేలితే పోయినట్టు. ఆ ఆరు వారాల్లో చుట్టాల పెళ్లికి పిలిస్తే "ఇంకా పసుపు రాలేదు" అని ఎగ్గొట్టాడు. పెళ్లివారు వేరేలా అర్థం చేసుకుని, పసుపు కుంకుమలు పంపారు.

ఈలోగా ఇంకో డబ్బా దిగింది. పేరు కాల్క్‌వాసర్. జర్మన్ మాట. పగడం తన గూటిని కాల్షియంతో కట్టుకుంటుంది కాబట్టి, తొట్లో కాల్షియం తగ్గకుండా దీన్ని మంచినీళ్లలో కలిపి రాత్రిపూట చుక్క చుక్కగా వదలాలి. గబుక్కున పోస్తే క్షారం ఎక్కువై చేపలు చస్తాయి. ధర విని నేను కుర్చీలో కూర్చున్నాను. అవ్వ డబ్బా తెప్పించుకుని, మూత తీసి, తెల్లటి పిండిని వేలికొసతో రాసి చూసింది. తర్వాత బొడ్డు సంచి విప్పి, వక్కాకు పక్కనున్న తన డబ్బీ తీసి రెండూ పక్కపక్కన పెట్టింది.

"ఇది సున్నం గదరా?"

సున్నమే. జర్మన్‌లో కాల్క్‌వాసర్ అంటే సున్నపు నీళ్లు, ఇంకేం కాదు. యెర్రగుంట్ల వైపు సున్నపురాతి గనుల మీద ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు పొగలు కక్కుతున్న సీమలో, మా వాడు సున్నాన్ని విమానంలో తెప్పించాడు. ఏమాటకామాట, సీమ కూడా సముద్రానికి బాకీ ఉంచుకోలేదు. మంగంపేట ముగ్గురాయి పొడై, సముద్రం అడుగున చమురు బావులు తవ్వే బురదలో కలవడానికి దేశాలు పట్టి పోతోంది. వాళ్లు దాన్ని ముగ్గురాయిగా తీసుకుపోతారు, మనం సున్నాన్ని కాల్క్‌వాసర్‌గా తెచ్చుకుంటాం. వ్యాపారమంటే ఇదే.

ఇక వేడి. ఈ సముద్రం 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. చలిదేశాల వాళ్లు రాసే పుస్తకాల్లో మొదట కొనమనేది హీటరు. మా వాడూ కొన్నాడు. మే నెలలో 42 దాటే ఊళ్లో అది పెట్టెలోంచి బయటికి రాకుండానే రిటైరైంది. దాని బదులు చిల్లర్ వచ్చింది. చిల్లర్ తొట్టిలోని వేడిని తీసి హాల్లోకి వదులుతుంది. హాలు వేడెక్కి మళ్లీ తొట్టిని వేడెక్కిస్తుంది. అందుకని హాలుకు ఏసీ. మా మామ ఐదేళ్లుగా ఏసీ అడుగుతుంటే కరెంటు బిల్లు తీసి చూపించిన కొడుకు, చేపల పేరు చెప్పగానే రెండు రోజుల్లో బిగించాడు. మామ తన మంచాన్ని తొట్టి పక్కకు జరుపుకుని, పుట్టని చేపల పుణ్యాన హాయిగా నిద్రపోతున్నాడు. కరెంటు పోతే మాత్రం ఇన్వర్టర్ తొట్టి మోటార్లకు, విసనకర్ర మనుషులకు. నీళ్లు తిరగడం ఆగితే కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు తగ్గి అన్నీ పోతాయట. మనుషులు అంత తొందరగా పోరని వాడి ధీమా.

అసలు పగడం ఎంత సుకుమారమంటే, తను పుట్టిన సముద్రంలోనే మామూలు ఎండాకాలం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందా, తన ఒంట్లో కాపురముండి తిండీ రంగూ ఇచ్చే నాచును బయటికి నెట్టేస్తుంది. అంటే అక్షరాలా తెల్లబోతుంది. ప్రపంచమంతటా ఇలా పగడాలు తెల్లబోవడం ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర సంస్థ నోవా ప్రకటించింది. ఒక్క డిగ్రీకే తెల్లబోయే పిల్లను మావాడు కర్నూలుకు కాపురానికి తెస్తున్నాడు.

తేబోయాడు, అనాలి. తొట్టి పండి, గొట్టంలో పసుపు తేలిన రోజున కథ అడ్డం తిరిగింది.

పగడమంటే మా వైపు తెలిసింది ఒక్కటే. కుజదోషం ఉందని సిద్ధాంతి చెబితే ప్రొద్దుటూరు అంగళ్లలో ఉంగరానికి పొదిగించుకునే ఎర్రపూస. అందుకే పగడం కూడా ప్రాణేనని, దానికో చట్టం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. అందులో అన్నిటికన్నా గట్టి కాపలా ఉండేది షెడ్యూల్ 1 జీవులకు. 2001లో రీఫ్ కట్టే రాతిపగడాలన్నిటినీ ఆ జాబితాలో చేర్చారు. సముద్రపు గుర్రాలనూ చేర్చారు. అంటే నల్లమల పులి కూర్చున్న బల్ల మీదే పగడమూ కూర్చుంది. పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. విదేశీ పగడమైతే 2022 సవరణ తర్వాత కాగితాలు, రిజిస్ట్రేషన్లు. షాపువాడు మాత్రం "ఏం కాదు సార్, అందరూ పెంచుతున్నారు" అన్నాడట. మా జిల్లాల్లో ఈ మాట విని జైలుకు పోయినవాళ్ల లెక్క తీస్తే ఈ కాలమ్ చాలదు.

మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎట్లాగూ అదే శిక్ష అయితే పులినే తెచ్చుకోరా. రాత్రిపూట కాపలా అన్నా ఉంటాది."

చివరికి తొట్లోకి రబ్బరు పగడాలు వచ్చాయి. వాటికి సున్నం అక్కర్లేదు, వెలుగు అక్కర్లేదు, తెల్లబోవడమూ తెలియదు. వాటితో పాటు రెండు క్లౌన్ చేపలు. ఇవి మాత్రం దొంగతనంగా సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. తమిళనాడు మండపంలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఈ జాతిని తొట్లలోనే పుట్టించి పెంచే విద్య సాధించారు. ఈ చేపలన్నీ మగవిగానే ఎదిగి, గుంపులో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుందని బామ్మర్ది వింతగా చెబుతుంటే, మామ "దీంట్లో కొత్తేముంది?" అని వంటింటి వైపు చూశాడు.

నాకు అసలు నవ్వొచ్చింది తొట్టి కింద చూసినప్పుడు. అంత బరువు టేబుల్ మోయదని నాలుగు దిమ్మెలు కట్టించి, పైన కడప బండ పరిచాడు. నున్నగా, నల్లగా, మన వంటింటి గట్టు మీద ఉండే బండే. అది సున్నపురాయి. యాభై కోట్ల ఏళ్లకు పైబడిన మాట, ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న మడ్డి. ఇంకా వెనక్కి, నూటయాభై కోట్ల ఏళ్లు దాటి పోతే, భూగర్భ శాస్త్రం వేంపల్లె పేరు పెట్టిన రాతిపొరల్లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. లోతులేని సముద్రంలో నాచులాంటి సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకుపోయిన దిబ్బలవి. పగడాలు ఇంకా పుట్టనే లేదు, అప్పటికే కడపలో రీఫ్ ఉంది. మనం ఆ సముద్రం అడుగును పలకలుగా కోసి, పాలిష్ పట్టి, దాని మీద ఉల్లిపాయలు తరుగుతున్నాం. సముద్రాన్ని కిందేసి తొక్కుతూ, పైన గాజుపెట్టెలో సముద్రాన్ని కొనుక్కున్నవాడు మా బామ్మర్ది ఒక్కడే కాదేమో.

ఇప్పుడు వేసవి. ఏసీ గాలికి తొట్లో నీళ్లు రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరైపోతున్నాయి. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు. ఆ లోటును మళ్లీ మంచినీళ్లతోనే పూడ్చాలి, లేకపోతే ఉప్పదనం పెరిగి చేపలు చస్తాయి. బామ్మర్దికి మీటింగులు, మామకు నిద్ర. ఆ పని అవ్వ తీసుకుంది. తన డబ్బీలోంచి సున్నం వేలికి రాసి, అద్దం బయట నీటి మట్టం దగ్గర అడ్డంగా ఒక గీత గీసింది. పొద్దున లేవగానే కళ్లద్దాలు పెట్టుకుని, వంగి గీత చూసి, నీళ్లు ఎంత దిగితే అన్ని చెంబులు పోస్తుంది.

శ్రీశైలంలో కూడా ఒక గీత ఉంది. నీళ్లు దాని కింద పడకూడదని సీమ మొత్తుకుంటూనే ఉంది. 1996లో ఆ గీతను 834 అడుగులకు దించారు, 2004లో మళ్లీ 854కు ఎక్కించారు. జీవోలున్నాయి, బోర్డులున్నాయి, కోర్టులున్నాయి, రెండు రాష్ట్రాల ఇంజినీర్లున్నారు. నీళ్లు మాత్రం గీత సంగతి తెలియనట్టు దిగుతూనే ఉంటాయి.

కర్నూలు హాల్లోని సముద్రం మాత్రం సున్నం గీత దాటి కిందికి దిగిన రోజు లేదు. దానికి కమిటీ వెయ్యలేదు. అవ్వ ఉంది.