జాజ్ వినకుండా కొనడం ఎలా?

జాజ్ వినడానికి ఓపిక కావాలి, కొనడానికి డబ్బుంటే చాలు. రెండోదే సులువు కాబట్టి ఈ సలహాలన్నీ దాని గురించే. ఆల్బం పేరు కన్నా ముందు అంకెలు చూడండి. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని కనబడితే కళ్లకద్దుకోండి. 1982లో బజారుకొచ్చిన సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయినందుకు జాలిపడండి. కుదించకుండా దాస్తే గంట సంగీతానికి సీడీ లెక్కన 635 మెగాబైట్లు పడుతుంది, మీ ఫైలుకు నాలుగు గిగాబైట్లు దాటుతుంది. ఆరున్నర రెట్లు సరుకొచ్చింది కనుక సంగీతమూ ఆరున్నర రెట్లు వచ్చిందనే నమ్మండి. ఆ అదనపు సరుకులో ఏముందని మాత్రం అడక్కండి. శాంప్లింగ్ రేటులో, అంటే ఆ కిలోహెర్ట్జ్ అంకెలో, సగం దాకా ఉన్న ధ్వనులే ఫైలులోకి ఎక్కుతాయి. అంటే సీడీ 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. మనిషి చెవి నిండు యవ్వనంలో 20 దాకా వింటుంది, ఆపైన ఏటేటా దిగుతుంది. ఖరీదైన ఆంప్లిఫయరు కొనే స్తోమత వచ్చేసరికి చెవి ఎంత దిగి ఉంటుందో లెక్క వేసుకోకపోవడమే ఆరోగ్యం.

రెండో మెట్టు, పాత టేపును కొత్త అంకెల్లో కొనడం. ఇందుకు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను మించింది లేదు. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పటి చర్చిని స్టూడియోగా మార్చిన చోట కొలంబియా కంపెనీ దాన్ని రికార్డు చేసింది. 24 బిట్లు సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్ల వ్యాప్తినిస్తాయి, సీడీవి 96 ఇస్తాయి. ఆనాటి టేపులో సన్నని హిస్సు చప్పుడుకూ అతి పెద్ద ధ్వనికీ మధ్య ఉండే ఎడం సీడీ ఇచ్చే వ్యాప్తి కన్నా తక్కువే. అరశేరు పాలు బిందెలో పోస్తే బిందెడు పాలు కావు కానీ, మీరు కొంటున్నది బిందె కనుక ఆ బెంగ అక్కర్లేదు. ఈ ఆల్బానికి ఇంకో కథ కూడా ఉంది. మార్చి 2న మాస్టర్ టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో మోగిస్తే మొదటి వైపున్న మూడు పాటల శ్రుతీ కొంచెం పైకి లేచింది. రెండో యంత్రం మీద తీసిన టేపు ఆధారంగా 1992లో సరిచేసేదాకా, అంటే 33 ఏళ్లపాటు, లోకమంతా ఆ తప్పు శ్రుతినే విని తలూపింది. తప్పు శ్రుతిని 192 కిలోహెర్ట్జ్‌లోకి ఎక్కిస్తే అది అత్యంత నిర్దుష్టమైన తప్పు శ్రుతి అవుతుంది. దాన్ని దిద్దింది ఇంకో టేపు, దాన్ని పోల్చి చూసిన మనుషులు. అంకెల పాత్ర అందులో లేదు.

జాజ్‌లో రాక్ కలిపిన ఫ్యూజన్‌కు వచ్చేసరికి ఖర్చుకు ఇంకా మంచి అవకాశం ఉంది. 1969 ఆగస్టులో రికార్డయిన డేవిస్ ‘బిచెస్ బ్రూ’ టేపులను నిర్మాత టియో మాసెరో ముక్కలు కోసి అతికించి ఆల్బంగా నిలబెట్టాడు. అందులో గిటారు వాయించిన జాన్ మెక్లాఫ్లిన్ తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రా కట్టాడు. ఎలక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయరుకుండే స్పీకరు ఐదారు కిలోహెర్ట్జ్ దాటాక చతికిలబడుతుంది, ఆ మొరటుదనమే ఆ వాద్యానికి రుచి. పైన మిగిలిన జాగాలో తాళాల మెరుపు కొంతా, టేపు హిస్సు కొంతా ఉంటాయి. డోనాల్డ్ ఫేగన్ ‘ద నైట్‌ఫ్లై’ (1982) ఆడియో ప్రియులకు ప్రాణం. దాన్ని 50 కిలోహెర్ట్జ్, 16 బిట్ల డిజిటల్ యంత్రం మీదే రికార్డు చేశారు. దానికెంత పెద్ద డబ్బా కట్టినా 25 కిలోహెర్ట్జ్ పైన సంగీతం పుట్టదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ రిమెంబర్ శక్తి బృందంలో మెక్లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించిన గమకాలన్నీ మనిషి చెవికి అందే మేరలోనే ఉన్నాయి. పాపం, ఆయన శ్రోతల కోసం వాయించాడు.

ఇక ఆక్షేపణలు. స్టూడియోల్లో 24 బిట్లు వాడుతున్నారు కదా అంటారు. నిజమే, రికార్డు చేసేటప్పుడు ధ్వని ఎక్కడ ఎగుస్తుందో తెలియదు కనుక పైన ఖాళీ వదులుకోవాలి. వినేవేళకు ఆ అనిశ్చితి ఉండదు. తేడా వినబడుతుందని ప్రయోగాలు చెప్పాయి కదా అనేది ఇంకాస్త బలమైన వాదన. 2007లో మేయర్, మోరాన్ అనే పరిశోధకులు హై-రెస్ (సీడీని మించిన అంకెల) డిస్కుల ధ్వనిని సీడీ స్థాయికి కుదించి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే సరైన జవాబులు దాదాపు సగమే వచ్చాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ 18 అధ్యయనాలను కలిపి చూస్తే సరైన జవాబులు 52 శాతం చిల్లర తేలాయి, శిక్షణ పొందినవారిలో అంతకన్నా ఎక్కువ. కాబట్టి తేడా శూన్యమని కొట్టెయ్యడం న్యాయం కాదు. చెవిని సానబట్టి, నిశ్శబ్దంలో కూర్చుని, దాని కోసమే కాచుకుంటే దొరికేంత తేడా ఉండవచ్చు. అందుకే గుడ్డి పరీక్షకు ఎన్నడూ ఒప్పుకోకండి. 2022లో అమెరికాలో ఏమైందో చూడండి. మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఎల్పీల తయారీలో డిజిటల్ దశ ఉందని బయటపడింది. స్వచ్ఛమైన అనలాగ్ అని వాటిని మెచ్చుకున్న చెవుల్లో ఒక్కటీ అంతకుముందు పసిగట్టలేదు.

చివరి ఆక్షేపణ: హై-రెస్ ఫైలు పాత సీడీ కన్నా నిజంగానే బాగుంటుంది కదా? చాలాసార్లు బాగుంటుంది. మంచి టేపు వెతికి, వేగం సరిచూసి, శ్రద్ధగా మళ్లీ మాస్టరింగ్ చేసినవాళ్ల పుణ్యమది. అదే మాస్టర్‌ను సీడీ స్థాయికి దించినా ఆ మెరుగు దాదాపు అంతా నిలుస్తుంది. చెడ్డ మాస్టర్ ఎన్ని కిలోహెర్ట్జ్‌లకైనా బాగుపడదు. ఇన్ని సలహాలూ పాటించలేక వినడమనే వ్యసనంలో పడినవాళ్లు ఏ టేపు, ఏ వేగం, ఎవరి మాస్టరింగ్ అని అడుగుతారు. ఆ జవాబులు మీ యంత్రం ముందున్న నీలిరంగు తెరమీద కనబడవు కనుక, చుట్టాలొచ్చినప్పుడు చూపించుకోవడానికి పనికిరావు.