కదలని రథము

చౌమహల్లా ప్రాసాదమున కొలువుదీరియున్న నిజాము నవాబుగారి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు, 1912 నాటిది, నూరేండ్లు దాటిన తన యాయువులో తిరిగినది 356 మైళ్లు మాత్రమేనని విని, మా మిత్రుడొకడు తన కొత్త ఎస్‌యూవీ స్టీరింగుపై చేయి వేసి కడుపుబ్బ నవ్వెను.

నవ్వడా మరి! ఆయన వాహనము కొండలెక్కగలదు, ఏరు దాటగలదు. ఇసుకకొక మీట, బురదకొక మీట, మంచునకొక మీట కలవు. (హైదరాబాదున మంచు కురియునాటికి పనికివచ్చును.) నాలుగు చక్రములకును శక్తి ప్రసరింపజేయు నా మహాయంత్రము, పంజాగుట్ట కూడలియందు అరగంటసేపు ముందున్న పానీపూరి బండి దయకై నిరీక్షించుచు, పైకప్పు తెరచి మాకు ఆకాశము చూపి యోదార్చినది.

నవాబుగారి కారు కదలకుండుట వైభవము. మావాని కారు కదలకుండుటకు నెలనెలా వాయిదా కట్టవలెను.

తుదకా సిల్వర్ ఘోస్టును కన్నులార చూతమని ఆదివారము బయలుదేరితిమి. చార్మినారు చెంత నా పర్వతారోహకమునకు నిలుచుచోటు దొరకక, నయాపూలు ఇవతలనే దాని నెక్కడనో యొదిగించి, ఆటో ఎక్కితిమి. మీట లేదు, తెర లేదు, తలుపు సైతము లేదు. లాడ్‌బజారు గాజుల దుకాణముల నడుమనుండి ఆ మూడుచక్రములది మమ్ము నేరుగా ప్రాసాదద్వారమున దింపినది.

మిత్రుడు పాతకారును చూడలేదు. ఆటో ధర యెంతని విచారించుచుండెను.